పెన్ను పరీక్ష నిమిత్తం

రంగూన్ నగరం పజుండౌంగ్ పేటలోని ఒక వార్డు శాంతిభద్రతల మండలికి అధ్యక్షులైన ఊ క్యా జా గారు ఆ సోమవారం పొద్దున్న మైకు ముందు నిలబడి, మూడుసార్లు గొంతు సవరించుకుని, ప్రపంచంలో ఇంతవరకు ఏ ప్రభుత్వానికీ తట్టని కార్యక్రమాన్ని ప్రకటించారు. దాని పేరు చేతిరాతల మహాసమర్పణ. వార్డులో అక్షరం ముక్క వచ్చిన ప్రతివారూ బుధవారం సాయంత్రం నాలుగు గంటల లోపల మండలి ఆఫీసుకి వచ్చి, ప్రభుత్వ కాగితం మీద, ప్రభుత్వ పెన్నుతో, ప్రభుత్వం చెప్పిన ఒకే ఒక్క వాక్యం రాసి సంతకం చెయ్యాలి. "ఆ కరపత్రం రాసింది నేను కాదు" అన్నదే ఆ వాక్యం.

అది 1988 సెప్టెంబరు ఆఖరు. సైన్యం దేశాన్ని చేతిలోకి తీసుకుని వారం దాటింది. రంగూన్ వీధుల్లో ఊరేగింపులు ఆగిపోయి, మలుపు మలుపునా ఇసుక బస్తాలు వెలిశాయి. ఇంత ప్రశాంతంగా ఉన్న సమయంలో ఎవరో ఒక కరపత్రం చేత్తో రాసి, ఊళ్ళో మరెక్కడా గోడలు లేనట్టు, తెచ్చి మండలి ఆఫీసు తలుపుకే అంటించి పోయారు. అధ్యక్షుల వారు పొద్దున్నే వచ్చి తాళం తీయబోతూ, పైనుంచి కిందిదాకా చదివి, తరవాతే కోపం తెచ్చుకున్నారు.

కార్యక్రమం గొప్పదే గాని చిన్న చిక్కొచ్చిపడింది. ఆఫీసులో ఉన్న ప్రభుత్వ పెన్నులు పదకొండు. పదకొండూ స్వదేశీ తయారీ. పట్టుకుంటే బరువుగా, దిట్టంగా, పిడిబాకుల్లా ఉంటాయి. రాయడం ఒక్కటే వాటికి చేతకాదు. కాగితం మీద గాడి పడుతుంది, ఇంకు పడదు. ఓపికున్న గుమాస్తాలు ఆ గాడిని వెలుతురుకి ఎత్తిపట్టి చదువుకునేవారు. అందుచేత అప్పయ్యకి కబురు వెళ్ళింది.

అప్పయ్య పెన్నుల డాక్టరు. ఈ బిరుదు అతనికి ఎవరూ ఇవ్వలేదు, తనే అట్టముక్క మీద రాసి పెట్టుకున్నాడు. లింగరాజు బట్టలకొట్టు అరుగు కింద ఒక బల్ల, బల్ల మీద ఒక సూదిమందు సిరంజి, మూడు ఇంకు సీసాలు, ఒక గుడ్డపేలిక, ఒక ట్రయల్ పుస్తకం. ఇరవై రెండేళ్ళుగా అదే అతని ఆసుపత్రి. బయటి దేశాల్లో బాల్‌పెన్ను అయిపోతే పారేస్తారని ఏడు రోజుల వీసా మీద వచ్చిన ఒక టూరిస్టు చెబితే అప్పయ్య నమ్మలేదు. అంత చక్కటి వస్తువుని, లోపల ఇంకు ఎంతుందో బయటికి కనబడే వస్తువుని, జేబులో పెట్టుకుంటే గుమాస్తాని ఆఫీసరులా చూపించే వస్తువుని మతి ఉన్నవాడెవడు పారేస్తాడు? అతని బల్ల దగ్గరికి వచ్చే పెన్నుల్లో తొమ్మిదోసారి, పదోసారి ఇంకు పట్టించుకుంటున్నవి ఉన్నాయి. మూత పోయి, ఒళ్ళంతా పళ్ళగాట్లు పడి, మధ్యలో దారంతో కట్లు కట్టించుకుని, అయినా రాస్తున్నవే. థాయిలాండు సరిహద్దు దాటి వచ్చిన ఇంకులో ఒక చుక్క ఆముదం కలపడం అప్పయ్య రహస్యం. అలా కలిపితే నీలం కాస్తా కొంచెం వంగపండు రంగులోకి తిరిగేది. ఆ రంగు రంగూన్‌లో మరెవరి ఇంకుకీ లేదని అతను అడిగినవాళ్ళకీ చెప్పేవాడు, అడగనివాళ్ళకీ చెప్పేవాడు.

అతని దగ్గర మరో కట్టుబాటు ఉంది. ఇంకు పట్టించాక ముందు తను ట్రయల్ పుస్తకంలో ఒక సున్నా చుట్టి చూసేవాడు. తరవాత పెన్ను తాలూకు మనిషి తన చేత్తో ఏదో ఒకటి రాసి చూసుకుంటే గాని వదిలేవాడు కాడు. రోజూ పొద్దున్నే కొత్త పేజీ తీసి పైన తేదీ వేసేవాడు. ఎందుకు వేస్తావంటే ఆసుపత్రికి రికార్డు ఉండాలనేవాడు.

"రావయ్యా అప్పయ్యా, దేశానికి నీతో పనొచ్చింది" అన్నారు అధ్యక్షుల వారు తెలుగులో.

ఊ క్యా జా గారి తండ్రి బరంపురం వైపు నుంచి వచ్చి సేక్కాన్ రేవులో బస్తాలు మోసినవాడు. తల్లి బర్మా ఆవిడ. ఇంటిపిలుపు సూరన్న. ఊరికే పని చేయించుకోవలసినప్పుడు ఆయన తెలుగు మాట్లాడతారు, చట్టం చెప్పవలసినప్పుడు బర్మా భాష మాట్లాడతారు. రెండూ బాగానే మాట్లాడతారు.

"ఈ పదకొండు పెన్నులూ ఎల్లుండికి రాయాల. నిన్ను మండలికి సాంకేతిక సలహాదారుగా ఏసీసినాను. జీతం గీతం అనకు. గౌరవం."

"అలగే సూరన్న బాబూ. నాను సెయ్యేస్తే రాయని పెన్ను లేదు" అన్నాడు అప్పయ్య.

సాంకేతిక సలహాదారు అన్న మాట నోట్లో నానేసుకుంటూ ఇంటికి వెళ్ళాడు. భార్య ఖిన్ ఖిన్‌కి మూడుసార్లు చెప్పాడు. ఆవిడ బియ్యం ఏరుతూ మూడుసార్లూ వింది. స్వదేశీ పెన్నుల్లోంచి రీఫిళ్ళు పీకేసి, తన పాత రీఫిళ్ళకి ఇంకు పట్టించి లోపల తొడిగాడు. పైన ప్రభుత్వం, లోపల సరిహద్దు. పదకొండూ నీళ్ళలా రాశాయి. అతని కూతురు సు సు పక్కనే కూర్చుని అన్నీ చూస్తూ, "నాన్నా, ఇంత బాగా రాసే పెన్నులు ఆళ్ళకెందుకు ఇస్తన్నావ్?" అంది. సు సుకి పందొమ్మిదేళ్ళు. కాలేజీలు మూసేసినప్పటినుంచి ఇంట్లోనే ఉంటోందని అప్పయ్య అనుకుంటున్నాడు.

బుధవారం పొద్దున్నే క్యూ కట్టారు. అందరికంటే ముందు నిలబడ్డది విజయశ్రీ టీచరమ్మ. ఆవిడ కుర్చీలో కూర్చుని, కళ్ళద్దాలు తుడుచుకుని, పెన్ను మూత తీసి, "ఏ కరపత్రం బాబూ?" అని అడిగింది.

"అది రహస్యం" అన్నారు అధ్యక్షుల వారు.

"సూడకుండా నాది కాదని ఎలగ రాసేస్తాను? రేపు అది నాదే అయితే అబద్ధం రాసినట్టు గాదా? ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠం సెప్పినదాన్ని."

క్యూలో వెనకవాళ్ళు కూడా అదే న్యాయం అన్నారు. అధ్యక్షుల వారు ఆలోచించారు. చట్టం చట్టమే. గుమాస్తా గోపాలాన్ని కూర్చోబెట్టి ఆ కరపత్రానికి నలభై నకళ్ళు చేత్తో రాయించి, ఆఫీసు గోడ చుట్టూ అంటించారు. ఒక్కరు అంటించిపోయిన ఒక్క కాగితాన్ని ఇరవైమందైనా చదివి ఉండరు. సాయంత్రం నాలుగయ్యేసరికి వార్డు మొత్తం చదివింది. కళ్ళు ఆననివాళ్ళకి గోపాలం స్టూలెక్కి పెద్దగా చదివి వినిపించాడు. రెండోసారి వినిపించమన్నవాళ్ళకి రెండోసారి వినిపించాడు. అక్షరం రానివాళ్ళు కూడా, తమకి ఆ నియమం వర్తించకపోయినా, దేశభక్తితో వచ్చి విని వెళ్ళారు.

పదకొండు వందల నలభై కాగితాలు పోగయ్యాయి. సగంమంది ఎడంచేత్తో రాశారు. మిగతావాళ్ళు ఒకటో తరగతి పిల్లల్లా గుండ్రంగా, పెద్దపెద్దగా రాశారు. ఒకాయన "ఆ కరపత్రం రాసింది నేను కాదు, విషయం మాత్రం బాగుంది" అని రాసి సంతకం మరిచిపోయాడు. గురువారం పొద్దున్న సైన్యం తరఫున ఒక కెప్టెన్ వచ్చి, గోడ మీద కరపత్రం ఒకటి పీకి, పదకొండు వందల నలభై కాగితాలతోనూ పోల్చి చూశాడు. సరిగ్గా ఒక్కటి కలిసింది. గోపాలాన్ని లోపల వేశారు. గోడ మీదున్నవన్నీ గోపాలం రాసిన నకళ్ళేనన్న సంగతి అందరికీ గుర్తొచ్చేసరికి అతను రెండు పూటలు కొట్లో ఉన్నాడు. అసలు కాగితంతో పోలిస్తే ఒక్కటీ కలవలేదు.

"రేపు మధ్యాహ్నానికి నాకొక పేరు కావాలి" అన్నాడు కెప్టెన్. సన్నగా, నిద్ర చాలని కళ్ళతో ఉన్న మనిషి. అరవలేదు. అధ్యక్షుల వారికి చెమట్లు పట్టింది అందుకే.

అప్పయ్య అప్పుడు అక్కడ ఉండవలసిన అవసరం లేదు. పెన్నులు బాగా రాశాయని ఎవరైనా ఒక మాట అంటారేమోనని వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఎవరూ అనలేదు. సాంకేతిక సలహాదారై ఉండి సలహా ఇవ్వకపోతే ఎలాగని అతనికి అనిపించింది. ముందుకి వంగి అధ్యక్షుల వారి చెవిలో అన్నాడు.

"సూరన్న బాబూ, ఇలగ బెదిరిపోయి రాసిన రాతలో మనిసుండడు. పెన్ను సూసుకోడానికి రాత్తాడు సూడు, అందులో ఉంటాడు. ఈ పేటలో రాసే సెయ్యి పతీదీ నా ట్రయల్ పుస్తకంలో ఉంది. నాను సూసి సెప్పెయ్యగల్ను, ఏ సెయ్యి ఎవుల్దో."

అధ్యక్షుల వారు కెప్టెన్ వైపు తిరిగి బర్మా భాషలో, "నాకొక ఆలోచన వచ్చింది" అన్నారు.

పావుగంటలో ప్యూను వెళ్ళి పుస్తకం తెచ్చాడు. పేజీ చింపడానికి వీల్లేకుండా ప్రతి పేజీ మీదా మండలి ముద్ర కొట్టారు. ఇదంతా అయ్యాక కెప్టెన్ ఫైల్లోంచి అసలు కరపత్రం తీసి అప్పయ్య చేతిలో పెట్టాడు. "ఇది బాగా చూసి పెట్టుకో. రేపు పదింటికి పోల్చేది నువ్వే" అన్నాడు.

అప్పయ్య అప్పటిదాకా గోపాలం నకళ్ళే చూశాడు. ఇప్పుడు చూస్తే ఇంకు వంగపండు రంగులో ఉంది. అతనికి మొదట గర్వమే కలిగింది. ఎంత తేటగా పడిందో చూశారా అని అందామని నోటిదాకా వచ్చింది. తరవాత అలవాటు కొద్దీ కాగితం తిరగేసి వెనక వేలితో తడిమాడు. అక్షరం అక్షరం వెనక్కి పొంగి గరుకుగా తగిలింది. పెన్నుని అంత నొక్కి రాసే మనిషి పేటలో ఒక్కర్తే ఉంది. అలా నొక్కితే పెన్ను మొనలోని బాలు అరిగిపోతుందని అప్పయ్య ఆ పిల్లని ఏడేళ్ళ వయసునుంచీ తిడుతున్నాడు.

ఇంటికి ఎలా వెళ్ళాడో అతనికి తెలీదు. ఖిన్ ఖిన్ అన్నం పెట్టబోతే వద్దన్నాడు. సు సు ఎదర కూలబడ్డాడు.

"నువ్వేనా?" అన్నాడు.

"ఏటి నాన్నా?"

"తలుపుకి."

సు సు అబద్ధం ఆడలేదు. ఆడితే బాగుండునని అతనికనిపించింది. "నానే. నీకెలగ తెలిసింది?" అంది.

"నొక్కి రాయకని సెప్పినానా లేదా!" అని అప్పయ్య అరిచాడు. ఆ క్షణాన అతని నోటికి వచ్చిన తిట్టు అదొక్కటే. తరవాత తలపట్టుకుని, తను ఆఫీసులో ఏం కూశాడో మొత్తం చెప్పాడు. ట్రయల్ పుస్తకంలో సు సు చేతిరాత ఒక పేజీలో కాదు, పాతిక పేజీల్లో ఉంది. మధ్యాహ్నం అన్నం తెచ్చినప్పుడల్లా ఏదో ఒకటి రాసేది. వాటన్నిటి మీదా ముద్ర పడింది. కలవలేదని తను అబద్ధం ఆడినా, అంత నొక్కిన రాతని కెప్టెన్ కన్ను ఇట్టే పట్టేస్తుంది.

"ఆ సంగతి నిన్నెవులడిగినారు?" అంది ఖిన్ ఖిన్. ఆవిడకి వచ్చిన తెలుగు తక్కువ. ఆ తక్కువలో కూడా ఈ ప్రశ్నకి కావలసినంత ఉంది.

ఎవరూ అడగలేదు. అడగని చోట జవాబు చెప్పడం అప్పయ్య పుట్టుకతో తెచ్చుకున్న విద్య. ఒరే అప్పయ్యా, రాయని పెన్నుల నోళ్ళన్నీ తెరిచావు గాని, తెరుచుకున్న నీ నోరు మూసుకోవడం నేర్చావుట్రా అని తన్ను తాను అడుక్కున్నాడు. సు సు సంచిలో రెండు బర్మా లుంగీలు, ఒక దువ్వెన పెట్టుకుంది. కాలేజీ పిల్లలు చాలామంది సరిహద్దు అడవుల్లోకి వెళ్ళిపోతున్నారు. రేపు మధ్యాహ్నం దాకా ఆగమని, పేరు బయటికొస్తే కబురు చేస్తానని అప్పయ్య బతిమాలాడు. పిల్ల దగ్గర లేకపోతే తను బతకలేనని కూడా అన్నాడు. ఇరవై రెండేళ్ళ డాక్టరీలో అంత నిజం అతనెప్పుడూ మాట్లాడలేదు.

శుక్రవారం పదింటికి మండలి ఆఫీసులో పుస్తకం తెరిచారు. బల్లకి ఒకవైపు కెప్టెన్, ఒకవైపు అధ్యక్షుల వారు, మధ్యలో అప్పయ్య. దొరికినవాళ్ళ పేరు పై అధికారుల దగ్గర తన నోటిమీదుగా పలకాలని అధ్యక్షుల వారి ఉబలాటం. అందుకని ఆయనే పేజీలు తిప్పుతూ పైకి చదవసాగారు.

"జులై రెండు. కనకరాజు, కనకరాజు, కనకరాజు. వీడికి తన పేరు తప్ప ఏమీ రాదు సార్. ఉల్లిపాయలు, ఎండుచేప, అగ్గిపెట్టె. ఇది ఎవరి ఇల్లాలో. సున్నా. సున్నా. సున్నా."

"ఈ సున్నాలన్నీ ఎవరివి?" అన్నాడు కెప్టెన్.

"నావి బాబూ" అన్నాడు అప్పయ్య.

"సున్నా తప్ప ఇంకేమీ రాయలేదా?"

"అవసరం పడలేదు బాబూ."

"జులై నాలుగు" అని చదివారు అధ్యక్షుల వారు. "మన ఏకైక పార్టీ కలకాలం వర్ధిల్లాలి. ఇట్లు క్యా జా." ఆయన ముఖం వెలిగింది. "చూశారా సార్? ఉత్తినే పెన్ను చూసుకునేటప్పుడు కూడా నా చెయ్యి ఏం రాసిందో!"

కెప్టెన్ తలూపాడు. పేజీలు తిరుగుతున్నాయి. ఆగస్టు వచ్చింది. ఆగస్టు ఇరవై ఐదు పేజీలో కింద, అధ్యక్షుల వారి బొటనవేలి పక్కన, సు సు గట్టిగా నొక్కి రాసిన రెండు వరుసలు అతనికి ఎదురుగా కనబడుతున్నాయి. అధ్యక్షుల వారు పైవరుస నుంచి మొదలుపెట్టారు.

"ఆగస్టు ఇరవై ఐదు. ఏకపార్టీ పాలన నశించాలి. ప్రజాస్వామ్యం ఇప్పుడే..."

కెప్టెన్ ముందుకి వంగాడు. "ఆగావేం? చదువు. కింద సంతకం కూడా ఉన్నట్టుంది."

అధ్యక్షుల వారు చదవలేదు. ఆ నెలలో వార్డు మొత్తం వీధుల్లో పడ్డప్పుడు పార్టీ బ్యాడ్జి విప్పి జేబులో వేసుకుని, సమ్మె కమిటీ బ్యానరుకి ఒక కొస తనే పట్టుకున్న సంగతి ఆయనకి ఇప్పుడు జ్ఞాపకం వచ్చినట్టుంది. ఆ రోజు బ్యానరు పక్కవాడి చేతికిచ్చి, ఒక్క నిమిషం అని, పెన్నులో ఇంకు వేయించుకున్నారు. కెప్టెన్ పుస్తకం తన వైపు తిప్పుకుని, తనే చదివాడు. "ఇట్లు క్యా జా, సమ్మె కమిటీ ఉపాధ్యక్షుడు."

పక్క పేజీలు కూడా తిప్పాడు. "సెప్టెంబరు ఇరవై. క్రమశిక్షణే దేశానికి రక్ష. ఇట్లు క్యా జా." మళ్ళీ ఆగస్టుకి వెళ్ళాడు. అతని వేలు ఒక వరుస కిందికి దిగితే సు సు మీద ఉంటుంది.

"ఇది ఎవరి చేతిరాత?" అని కెప్టెన్ అడిగాడు.

అధ్యక్షుల వారు పుస్తకం మీద రెండు అరచేతులూ బోర్లించి మూసేశారు. అంత చురుగ్గా ఆయన ఏ పనీ చేయగా అప్పయ్య చూడలేదు. "సార్, ఇది చేతిరాతే కాదు" అన్నారు. "పెన్ను పనిచేస్తోందా లేదా అని చూసుకోవడానికి రాసింది రాత కిందికి రాదు. అందులో అర్థం వెతకకూడదు. అప్పయ్యా, సెప్పు, సెప్పవేటి!"

సాంకేతిక సలహాదారుగా అప్పయ్య ఇచ్చిన ఆఖరి సలహా ఇదీ. "నిజమే బాబూ. అలగ రాసినప్పుడు మనిసి ఉండడు. సెయ్యొక్కటే ఉంటాది."

నిన్న దీనికి సరిగ్గా తిరగేసిన మాట మీదే గదా పుస్తకం తెప్పించారు అని కెప్టెన్ అడగలేదు. అధ్యక్షుల వారి వైపు తిరిగాడు. "ఆ మాట కాగితం మీద పెట్టి ముద్ర వెయ్యి" అన్నాడు.

పదినిమిషాల్లో మండలి ఉత్తర్వు తయారైంది. పెన్ను పరీక్ష నిమిత్తం రాసిన ఏ రాతనైనా రాతగా పరిగణించరాదు. దాని మీద విచారణ గాని, శిక్ష గాని ఉండవు. కరపత్రం మీద నివేదిక కూడా అప్పుడే రాశారు. అది బాగో నది అవతల తన్లిన్ నుంచి గాలికి కొట్టుకొచ్చి తలుపుకి అంటుకున్నట్టు తేలింది. కేసు తన్లిన్‌కి బదిలీ అయింది. అధ్యక్షుల వారు మధ్యాహ్నమే మైకులో ఉత్తర్వు చదివారు. ఒకటికి రెండుసార్లు, బర్మా భాషలోనూ, తెలుగులోనూ చదివారు. నకళ్ళు నలభై తీయించి గోడలకి అంటించారు. తన మెడకి చుట్టుకున్నదాన్ని అంత శ్రద్ధగా విప్పుకోవడం ఎవరికైనా సహజమే.

పుస్తకం అప్పయ్యకి తిరిగొచ్చింది. ఇంటికెళ్ళి సు సు సంచిలోంచి లుంగీలు తనే తీసి దండెం మీద వేశాడు. కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

మర్నాడు పొద్దున్న బల్ల సర్దుకుని, కొత్త పేజీ తీసి తేదీ వేసి తలెత్తేసరికి ఎదర పాతికమంది ఉన్నారు. ముందు విజయశ్రీ టీచరమ్మే.

"ఇంకు ఎయ్యాలా అమ్మా?"

"వొద్దు. నిండుగానే ఉంది. రాత్తాదో లేదో సూసుకుందామని."

ఆవిడ అరపేజీ చూసుకుంది. వెనక కనకరాజు ఈసారి తన పేరు తప్ప మిగతావన్నీ రాశాడు. గోపాలం రెండు పూటలు కొట్లో ఎలా గడిచిందో వివరంగా రాసి, పైన "పెన్ను పరీక్ష నిమిత్తం" అని శీర్షిక పెట్టాడు. పెన్ను లేనివాళ్ళు పక్కవాళ్ళది అరువడిగి పరీక్షించారు. సు సు క్యూలో అందరితో పాటు నిలబడి, తన వంతు వచ్చాక రాసింది. పదింటికి పేజీ నిండిపోయింది. మధ్యాహ్నానికి పది పేజీలు. లింగరాజు తన కొట్లోంచి కొత్త పుస్తకం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. పజుండౌంగ్ అంతా రాస్తుంటే తను కూడా ఒక మాట రాద్దామని అప్పయ్య పెన్ను తీసుకుని, ఎంతో ఆలోచించి, చేతిని వదిలిపెట్టాడు. చెయ్యి ఒక సున్నా చుట్టి ఊరుకుంది. అతనికి నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది.

నాలుగోరోజు క్యూ చివర కెప్టెన్ కనబడ్డాడు. ముందున్నవాళ్ళు తప్పుకోబోతే వద్దన్నాడు. తన వంతు వచ్చేదాకా నిలబడి, జేబులోంచి మామూలు చవక బాల్‌పెన్ను తీసి, ఒంగుని పేజీ అంతా రాశాడు. సంతకం చేసి, రాసింది ఒకసారి చదువుకుని, "బాగానే రాస్తోంది" అని పెన్ను జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళి మలుపులో ఇసుక బస్తాల వెనక తన చోట నిలబడ్డాడు.

అప్పయ్య చూశాడు. అది రాజీనామా పత్రం. తేదీ, నంబరు, కారణాలు, అన్నీ పద్ధతిగా ఉన్నాయి.

మర్నాడు అదే వేళకి కెప్టెన్ మళ్ళీ వచ్చాడు.

"నిన్నటి పెన్నేనా బాబూ?" అన్నాడు అప్పయ్య.

"అదే. ఇంకోసారి చూసుకోవాలి."

"సూసుకోండి" అని అప్పయ్య కొత్త పేజీ తిప్పి ఇచ్చాడు. "అంత నొక్కి రాయకండి బాబూ. బాలు అరిగిపోతాది."